ముప్పైలో ఒక వంతు

2025 దసరాకి ఇంటికెళ్ళినప్పుడు జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతా. మాది వరంగల్, మట్టెవాడ. నాన్నది కిరాణా కొట్టు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్నా, ఇంటికెళ్తే మాత్రం గల్లాపెట్టె దగ్గర కూచోవడం తప్పదు. అవి బతుకమ్మ రోజులు, దానికి తోడు సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గిందని టీవీల్లో ఒకటే హడావుడి. కొత్తవాడ నుంచి ఎప్పుడూ వచ్చే పెద్దమ్మ ఒకావిడ వచ్చింది. వాళ్ళాయన మగ్గం నేస్తాడు. నెలంతా ఉద్దెర పెట్టి, మజూరీ డబ్బులు రాగానే కట్టేసి పోతుంది.

"తమ్మీ, అన్ని ధరలు తగ్గినయంటున్నరు గదా, నా ఖాతల ఎంత తగ్గిందో జూడు" అంది నాన్నతో.

నాన్న నవ్వి ఖాతా పుస్తకం నా వైపు తోశాడు. "ఇగో అక్కా, కంప్యూటర్ చదివినోడు ఉన్నడు, వాన్నే అడుగు" అన్నాడు.

సరే, లెక్క తీశా. విడి పప్పులకీ ఉప్పుకీ పన్ను ముందూ లేదు, ఇప్పుడూ లేదు. మంచినూనె, చక్కెర, చాయపత్తా ముందూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే. బియ్యం ఎలాగూ రేషన్‌వి. తగ్గిందల్లా ఒంటి సబ్బులు, తలనూనె, పేస్టు, షాంపూ పొట్లాలు: 18 నుంచి 5కి. అవన్నీ కలిపి నెలకి ఓ 300 రూపాయలు. 118 రూపాయల సరుకు 105 అవుతుంది, అంటే పదకొండు శాతం తగ్గింపు. మొత్తం మీద నెలకి 33 రూపాయలు.

"ముప్పై మూడు రూపాయలు పెద్దమ్మా" అన్నా.

"అంతేనా? మంచిదే తియ్యి బిడ్డా, ఒక చాయపత్తా పొట్లం వస్తది" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నా లెక్క కూడా వేసుకోబుద్ధయింది. 2025 ఫిబ్రవరి బడ్జెట్లో, కొత్త పద్ధతి ఎంచుకున్నవాళ్ళకి 12 లక్షల దాకా ఆదాయం మీద పన్ను లేకుండా చేశారు, జీతగాళ్ళకయితే స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని 12 లక్షల 75 వేల దాకా. పాత శ్లాబుల ప్రకారం 12 లక్షలకి పన్ను 80 వేలు అయ్యేది, సెస్సు వేరే. నేను సరిగ్గా ఆ గీతకి కాస్త ఇవతల ఉన్నా. అంటే ఒకే ఏడాదిలో వచ్చిన రెండు సంస్కరణల్లో నాకు మిగిలింది సుమారు 80 వేలు, పెద్దమ్మకి మిగిలేది సుమారు 400. రెండు వందల రెట్ల తేడా!

"ఆవిడ ఇన్‌కమ్‌టాక్సే కట్టదు కదా, కట్టనిది ఎలా తగ్గిస్తారు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే, చివర్లో దాని దగ్గరికి వస్తా. ముందుగా, ఎక్కువ ఆదాయం వాడికి ఒక రకంగా, తక్కువ ఆదాయం వాడికి ఇంకో రకంగా తగిలే ఈ పన్నుల సంస్కరణ అనే వ్యవహారం మన ఓరుగల్లుకి ఎంత పాతదో చూద్దాం. ఎందుకంటే నాకు తెలిసినంతలో తెలుగునాట రాతి మీద చెక్కి పెట్టిన గొప్ప పన్ను సంస్కరణ ఇక్కణ్ణుంచి పాలించిన రాజుదే.

కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. ఓరుగల్లు సముద్రానికి ఎంత దూరమో మనకి తెలుసు. కానీ తీరాంధ్ర ఆయన చేతికి వచ్చాక మోటుపల్లి రేవు కూడా వచ్చింది. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉన్న చిన్న ఊరు, అప్పట్లో పెద్ద ఓడరేవు. మార్కోపోలో మన దేశాన్ని 'ముత్‌ఫిలీ' అన్నది ఈ ఊరి పేరుని బట్టే. అక్కడి గుడిలో 1244-45 నాటి శాసనం ఒకటుంది. దాన్నే మోటుపల్లి అభయశాసనం అంటారు.

దాని సారాంశం ఇది. అంతకుముందు రాజులకి ఒక అలవాటు ఉండేది. ఓడ తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని ఏనుగులు, గుర్రాలు, బంగారం, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. పాపం, ప్రాణాలు దక్కించుకుని ఒడ్డెక్కిన వర్తకుడి గతి మళ్ళీ మునగడమే. గణపతిదేవుడు ఇకమీదట అలా జరగదని మాట ఇచ్చాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ళ మీద దయతో, కీర్తికోసం, ధర్మంకోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నానన్నాడు. ఆ సుంకం ఎగుమతులకీ దిగుమతులకీ ముప్పైలో ఒక వంతు. అక్కడితో ఆగకుండా గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు, ఇలా ఒక్కో సరుకు మీద ఎంతెంతో విడివిడిగా చెక్కించాడు. అచ్చంగా రేటు కార్డే!

ముప్పైలో ఒకటి అంటే 3.33 శాతం. 2025 సంస్కరణ తర్వాత కూడా మన జీఎస్టీలో దానికి దగ్గర్లో ఉన్న రేటు ఒకటే కనిపించింది నాకు: బంగారం మీద 3 శాతం. పెద్దమ్మ సబ్బు మీద 5. చెప్పానంతే.

ఈ శాసనం గొప్పతనం రేటు తక్కువగా ఉండటంలో లేదని నా ఉద్దేశం. అంతకుముందు వర్తకుడి నష్టం రాజుకి లాభం. ఈ శాసనం తర్వాత, వర్తకుడి సరుకు దిగితేనే రాజుకి వాటా. అంటే ఎదుటివాడికి ఉన్న ప్రమాదాన్ని రాజు గుర్తించాడు. ఎంత కట్టాలో ముందే తెలిసింది, తుఫాను వస్తే ఏమవుతుందో కూడా ముందే తెలిసింది. ఊరికే దయతో చేశాడని కూడా అనుకోనక్కర్లేదు. భయం లేని రేవుకి ఓడలు ఎక్కువొస్తాయి, ఓడలొస్తే బొక్కసం నిండుతుంది. ఆ కాలంలో వచ్చిన డబ్బంతా కోటలకే పోలేదు కూడా. రామప్ప, పాకాల చెరువులు ఆయన కాలంలోవే, వాటి కింద ఇవాళ్టికీ పొలాలు పారుతున్నాయి.

ఇదంతా ఒక వైపు. ఇంకో వైపు శాసనాల్లో కాకుండా జనం నోళ్ళలో ఉంది.

మేడారం కథ మన దగ్గర తెలియనివాళ్ళుండరు, అయినా క్లుప్తంగా చెప్తా. కోయదొర పగిడిద్దరాజు కాకతీయులకి సామంతుడు. కాలం చేసి, వరసగా కరువొచ్చి, కప్పం కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీదికొచ్చింది. పగిడిద్దరాజు, నాగులమ్మ, సారలమ్మ పోరాడి పోయారు. జంపన్న సంపెంగవాగులో పడి చనిపోతే అది జంపన్నవాగయింది. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు వెళ్ళి కనపడకుండా పోయింది, కుంకుమభరిణె మాత్రం దొరికింది. ఇది చరిత్రా, ఐతిహ్యమా అని పండితులు ఎంతయినా వాదించుకోవచ్చు. నాకు ముఖ్యమనిపించేది వేరే. ఇన్ని వందల ఏళ్ళుగా కోట్లమంది మొక్కుతున్న ఈ కథకి మూలం ఒక పన్ను బకాయి! కరువులో కూడా తగ్గని పన్ను.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సముద్రంలో తుఫానొస్తే ఏం చెయ్యాలో రాజ్యానికి రాతపూర్వకంగా తెలుసు. అడవిలో కరువొస్తే ఏం చెయ్యాలో తెలియలేదు. వర్తకుడు గంధం, కర్పూరం తెచ్చేవాడు, పెద్ద ఆదాయం, అవతలి రేవుకి వెళ్ళిపోగల స్వేచ్ఛ ఉన్నవాడు. కోయదొర ఎక్కడికి పోతాడు? అడవే ఊరు. గణపతిదేవుడు, ప్రతాపరుద్రుడు వేరు వేరు రాజులు, కాలం కూడా వేరు, కాబట్టి ఎవరినీ బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: పన్ను సంస్కరణ అనేది ఎప్పుడూ లెక్కల్లో కనబడేవాడి కష్టాన్నే ముందు చూస్తుంది. లెక్కల్లో లేనివాడి దాకా రావాలంటే చాలా ఆలస్యం అవుతుంది, ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సి కూడా వస్తుంది.

ఇంకో ఆరొందల ఏళ్ళు ముందుకి దూకుదాం, ఊరు మాత్రం మారదు. వరంగల్ నిజాం రాజ్యంలో ఉంది. 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. ఎవడు ఎక్కువ పాడితే తాలూకా వాడిది. వాడు సర్కారుకి ఇంత అని కట్టి, రైతు దగ్గర ఎంతయినా పిండుకోవచ్చు. సాలార్‌జంగ్ గుత్తేదార్లని తీసేసి జీతాలిచ్చే అధికారుల్ని పెట్టాడు. 1865లో జిలాబందీ అని రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. తర్వాత సుబాలొచ్చాయి. హనుమకొండలో మనం రోజూ బస్సు దిగే సుబేదారికి ఆ పేరు సుబేదారు అక్కడ ఉండటం వల్ల వచ్చిందే. భూములు కొలిచారు, రికార్డులు రాశారు. ధాన్యంలో వాటా తీసుకునే బటాయి పోయి, నగదు శిస్తు వచ్చింది.

ఆనాటికి ఇది చాలా పెద్ద సంస్కరణ, అనుమానం లేదు. గుత్తేదారు దోపిడీ తగ్గింది, ఖజానా కుదుటపడింది. కానీ ఇంజనీరు బుర్రతో చూస్తే ఇందులో ఒక తిరకాసు ఉంది. బటాయిలో పంట సగం పోతే సర్కారు వాటా కూడా సగం పోతుంది. నష్టం ఇద్దరిదీ. నగదు శిస్తు ఎకరానికింత అని స్థిరం. వాన పడినా పడకపోయినా సర్కారుకి రావాల్సింది మారదు, నష్టమంతా రైతు నెత్తిన. పైగా నగదు కావాలి కాబట్టి కోతల మీదే, ధర లేనప్పుడే అమ్ముకోవాలి, లేకపోతే సాహుకారు దగ్గరికి పోవాలి. వంద ఎకరాలున్నవాడు గాదెలో పోసుకుని ధర కోసం ఆగుతాడు. మూడెకరాలవాడు ఆగలేడు. ఒకే రేటు ఇద్దరికీ ఒకేలా తగలదని అక్కడే తెలుస్తుంది.

ఇక రికార్డు సంగతి. పాత వసూలు హక్కులు పోయిన దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్యాలకి బదులుగా రుసుములు ఇచ్చారు. చేతిలో పలుకుబడి, పక్కన పట్వారీ ఉన్నవాళ్ళు పెద్ద పెద్ద కమతాల్ని తమ పేరు మీద రాయించుకున్నారు. నిజంగా దున్నేవాడు చాలాచోట్ల రికార్డులో లేనే లేడు. ఆ కాగితం మహిమ ఎంత దూరం వచ్చిందో చూడండి: 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బులు పట్టాదారుకి వెళ్ళాయి, కౌలురైతుకి కాదు. వచ్చేదయినా కట్టేదయినా కాగితాన్ని చూసే నడుస్తుంది.

అసలు కాగితం మీద లేని పన్ను ఇంకోటి ఉండేది: వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఇలా ప్రతి కులంవాళ్ళూ దొర ఇంటికో, వచ్చిపోయే అధికారులకో ఉచితంగా పని చెయ్యాల్సిందే. డబ్బు లేనివాడి దగ్గర రోజులు తీసుకున్నారు. నెలలో పది రోజులు వెట్టికి పోతే అది మూడోవంతు పన్ను కాదా? ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఎక్కలేదంతే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లెవీ ధాన్యం వచ్చింది. పెద్ద భూస్వాములు పటేల్ పట్వారీల సాయంతో తప్పించుకుంటే, చిన్నరైతు ఇంట్లో గింజలు ఊడ్చుకుపోయారు. తెలంగాణ సాయుధ పోరాటం ఊరికే పుట్టలేదు. వెట్టి, లెవీ, అక్రమ వసూళ్ళు, భూముల ఆక్రమణ, ఇవన్నీ కలిసే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం దాకా తెచ్చాయి. మన జనగామ పక్కనే.

ఇప్పుడు మనకి తెలిసిన కాలానికొద్దాం. అమ్మకం పన్ను తెలుగు ప్రాంతాలకి మద్రాసు నుంచి వచ్చింది. 1939లో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధం వల్ల పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి దాన్ని తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో మన చట్టం వచ్చింది. 2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఏమీ అర్థం కాకపోయినా, కొట్లో నాన్న, ఆయన స్నేహితులు రోజూ దాని గురించే తలలు పట్టుకోవడం గుర్తుంది. 4 శాతం, పన్నెండున్నర శాతం అనే రెండు రేట్లు, 40 లక్షల లోపు అమ్మకాలవాళ్ళకి ఒక శాతం టర్నోవర్ టాక్స్. 2017 జూలై 1 నుంచి ఇవన్నీ పోయి జీఎస్టీ.

వ్యాట్ అయినా జీఎస్టీ అయినా లోపల పనిచేసే పద్ధతి ఒకటే. కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి తీసేసుకోవచ్చు. పన్ను మీద పన్ను పడదు. డిజైన్ చాలా చక్కనిది, కోడ్ రాసేవాడిగా నాకు ముచ్చటేస్తుంది కూడా. కానీ షరతు ఒకటుంది: బిల్లు ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి. సొంతంగా నూలు కొని నేసుకునే నేతన్నని తీసుకోండి. పదివేల నూలు మీద 5 శాతం అంటే 500 కట్టాడు. తనకి రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి ఆ 500 తిరిగి రాదు, బట్ట ధరలో కలపాలి. పక్కన మిల్లువాడు అదే 500ని లెక్కలో సర్దుకుంటాడు. రేటు ఇద్దరికీ 5 శాతమే. ఒకడికి అది కాగితం మీద వచ్చిపోయే అంకె, ఇంకొకడికి మజూరీలోంచి పోయే డబ్బు.

వరంగల్ దర్రీల పేరు చిన్నదేమీ కాదు. ఇక్కడి తివాచీలు 1851 లండన్ మహాప్రదర్శనకి వెళ్ళాయి. దర్రీలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి నేతపని మీద 2017 నుంచి జీఎస్టీ పడింది. బట్టల మీద పన్నుని 2022 జనవరి 1 నుంచి 5 నుంచి 12 శాతానికి పెంచాలన్న ప్రతిపాదనని సరిగ్గా ఒక్కరోజు ముందు, 2021 డిసెంబర్ 31న, వాయిదా వేశారు. రాష్ట్రాలు, నేతకారులు గట్టిగా అడిగారు కాబట్టే. 2022 అక్టోబర్‌లో అప్పటి మంత్రి కేటీఆర్ చేనేత మీద పన్ను పూర్తిగా ఎత్తెయ్యమని ప్రధానికి పోస్టుకార్డుల ఉద్యమం కూడా మొదలుపెట్టాడు. ఏ పార్టీ అనేది పక్కనపెట్టండి, అడిగితేనే లెక్కలో చేరతారని మాత్రం మళ్ళీ తేలింది.

ఇప్పుడు ముందు వదిలేసిన ప్రశ్న: పెద్దమ్మ పన్నే కట్టదు కదా? రెండు ఇళ్ళు ఊహించుకుందాం. ఇవి ఉదాహరణ కోసం నేను వేసుకున్న అంకెలే. మొదటి ఇంటికి నెలకి 15 వేలు వస్తాయి, 15 వేలూ ఖర్చయిపోతాయి. అందులో పన్ను పడే సరుకులు 9 వేలు, సగటున 6 శాతం అనుకుంటే పన్ను 540. ఆదాయంలో 3.6 శాతం. రెండో ఇంటికి నెలకి లక్ష. ఖర్చు 45 వేలు, పన్ను పడేవి 30 వేలు, కాస్త ఖరీదయినవి కొంటారు కాబట్టి సగటు 9 శాతం. పన్ను 2,700. ఆదాయంలో 2.7 శాతం. మిగతా 55 వేలు మ్యూచువల్ ఫండ్లోకో ఫ్లాటు వాయిదాకో పోతాయి. ఎక్కువ రేటున్న సరుకులు కొన్నా, ఎక్కువ రూపాయలు కట్టినా, ఆదాయంలో వాటాగా లక్షవాడే తక్కువ కట్టాడు. ఇంతకుముందు ఈ తేడాని సరిచేసేది ఇన్‌కమ్‌టాక్సే. 2025 బడ్జెట్‌తో ఆ లక్షవాడి ఇన్‌కమ్‌టాక్స్ సున్నా అయింది. ఆ లక్షవాణ్ణి నేనే అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

అటు వాదన కూడా చెప్పాలి. పన్నొక్కటే చూస్తే సగం కథే. ఉచిత రేషన్ బియ్యం పెద్దమ్మ ఇంటికొస్తాయి, నాకు రావు. మందులు, నోటుబుక్కుల మీద 2025లో తగ్గింది బీదవాళ్ళకీ మేలే. నా చేతిలో మిగిలిన 80 వేలలో కొంత మా నాన్నలాంటివాళ్ళ కొట్లలోనే ఖర్చవుతుంది. ఇంకా నెలకి రెండు లక్షలొచ్చేవాడు ఇప్పటికీ బాగానే కడుతున్నాడు. అన్నీ నిజమే. ఒప్పుకుంటా. కానీ 80 వేలనీ 400నీ 'అందరికీ ఊరట' అని ఒకే మాటలో కలిపేసి చెప్పడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి పన్ను ప్రతిపాదనతో పాటు ఒక పట్టీ ఇవ్వాలి: నెలకి 10 వేలొచ్చే ఇంటికి ఎంత, 25 వేల ఇంటికి ఎంత, లక్ష ఇంటికి ఎంత అని. గణపతిదేవుడు పోకల మీద ఎంతో, మిరియాల మీద ఎంతో రాతి మీద చెక్కించగలిగినప్పుడు, ఇన్ని సర్వర్లు పెట్టుకున్న మనం ఆ ఒక్క పట్టీ తయారు చెయ్యలేమా?

మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు. భక్తులు తమ బరువుకి సమానంగా తూచి సమ్మక్కకి ఇస్తారు. కప్పం కట్టలేక కూలిపోయిన ఇంటికి ఇప్పుడు రెండేళ్ళకోసారి జనం అడక్కుండానే తెచ్చి కడుతున్నారు. మా కొట్లో జాతర నెలల్లో బెల్లం దిమ్మలు ఎక్కువగా పోతాయి. పెద్దమ్మ కూడా ఉద్దెర మీదే తీసుకెళ్తుంది.

నాన్నకి నా లెక్కంతా చెప్తే, విని, "నీకు మిగిలిన పైసలల్ల నుంచి అక్క ఖాత ఒక నెల కట్టెయ్యరాదురా" అన్నాడు. కట్టేశా. అయితే ఇది దానం చేస్తే తీరే లెక్క కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మీ ఇంటి ఖాతా కూడా ఓసారి తీసి చూడండి, ఎంత మిగిలిందో.